సెన్సే, ఆ కవరులో ఎంత పెట్టాలి?

జపాన్‌లో సదో, అంటే టీ కళ, నేర్పే గురువులందరికీ, ఆ గురువులకు పైన ఉన్న ఇయెమోతోలకూ, అంటే టీ సంప్రదాయాలను తరతరాలుగా నడిపే ఇళ్ళ పెద్దలకూ,

నమస్కారం. నేను టోక్యోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుని బతుకుతున్న తెలుగుదాన్ని. ఉండేది నిషి కసాయిలో, అంటే ఇడ్లీ రవ్వా కరివేపాకూ నడిచివెళ్ళి తెచ్చుకోగలిగే చోట. ఎనిమిదేళ్ళుగా శనివారం పొద్దున్నే రైలెక్కి ఒక సెన్సే, అంటే గురువు, ఇంటికి వెళ్ళి టీ చేయడం నేర్చుకుంటున్నాను. ఎనిమిదేళ్ళూ టీ చేయడమేనా అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది. "అల్లం వేస్తారా?" అని కూడా అడిగింది ఒకసారి.

ఈ ఉత్తరం జపనీస్‌లోనే రాయాల్సింది. కూర్చున్నాను కూడా. కానీ నాకొచ్చిన జపనీస్ అంతా మర్యాద జపనీస్, అందులో ఫిర్యాదు మొదలుపెడితే వాక్యం చివరికొచ్చేసరికి క్షమాపణ అయిపోతోంది. అందుకని ముందు తెలుగులో రాసేస్తున్నా. మావాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మీకు ఎప్పుడో తెలిసిన సంగతులు మధ్యమధ్యలో చెప్తుంటాను, కాస్త ఓపిక పట్టండి.

మొదటి ఆరు వారాలు నన్ను టీ చేయనివ్వలేదు. టీ దాకా ఎందుకు, గిన్నె కూడా ముట్టుకోనివ్వలేదు. ఫుకుసా మడవడం ఒక్కటే పని. జానెడుకంటే కాస్త ఎక్కువ ఉండే చదరపు పట్టుగుడ్డ అది, ఆడవాళ్ళకు ఎరుపు, మగవాళ్ళకు ఊదా. నడుము పట్టీలోంచి దాన్ని లాగి, మూలలు పట్టుకుని సాచి, మడతలు పెట్టి, ఆ మడతతో మాచా, అంటే గ్రీన్ టీ పొడి, ఉండే డబ్బా మూత తుడవాలి. ఆ డబ్బా అప్పటికే అద్దంలా ఉంటుంది, పొద్దున్నే ఎవరో తుడిచిపెట్టిందే. నేను మడిచేదాన్ని, సెన్సే చూసేవారు, "మళ్ళీ" అనేవారు. ఎక్కడ తప్పిందో చెప్పేవారు కాదు. ఇంకోసారి మడిచేదాన్ని. "మళ్ళీ."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు విజయవాడలో మా సంగీతం మాస్టారు ఏడాదిన్నర పాటు సరళీ స్వరాలే పాడించారు, గీతం ఎప్పుడండీ అని మా నాన్న అడిగితే "ముందు షడ్జమం నిలబడనివ్వండి" అనేవారు. అందుకని టోక్యోలో నాతోపాటు చేరిన ఇద్దరు రెండో వారానికే విసిగిపోయారు గానీ నేను విసుక్కోలేదు. మోకాళ్ళ మీద కూర్చునే సేజా సంగతి మాత్రం వేరు. బాసింపట్టు వేసుకుని పెళ్ళిభోజనాలు చేసిన జాతి మాది, నాకేంటి అనుకున్నా. మూడో వారం కాళ్ళు మొద్దుబారిపోయి, లేవబోయి పక్కావిడ ఒళ్ళో పడ్డాను. ఆవిడకు డెబ్బై దాటాయి. "అందరం పడ్డవాళ్ళమే" అని నవ్వేసింది.

కేకో, అంటే అభ్యాసం, జరుగుతుండగా నోట్స్ రాసుకోకూడదు. మీ అందరి దగ్గరా ఇదే నియమమో కాదో గానీ మా సెన్సే దగ్గర మాత్రం పుస్తకం తీస్తే చాలు, ఆవిడ చేతులు ఆపేసి నావైపు చూసేవారు. నా ఉద్యోగమే చెక్‌లిస్టులు రాయడం. ఇక చూడండి నా అవస్థ. స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి, గుర్తున్నంతా గబగబా ఫోన్లో కొట్టుకునేదాన్ని, మూడు రైళ్ళు వెళ్ళిపోయేవి. రెండో ఏడాదిలో ఒకరోజు ఆ ఫైలు తెరిచి చూస్తే సగం తప్పులు. చేతులకు మాత్రం అంతా సరిగ్గానే తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మే నుంచి అక్టోబరు దాకా కుంపటిలాంటి ఫురో మీద కామా, అంటే నీళ్ళు మరిగే ఇనుప పాత్ర, ఉంటుంది. నవంబరు రాగానే ఫురో తీసేసి, తతామీ చాపలో చదరంగా కోసి ఉంచిన గుంట తెరిచి, అందులో నిప్పు వేసి, కామాని దానిమీదకి మారుస్తారు. ఆ గుంటని రో అంటారు. దాంతో కూర్చునే దిక్కు మారిపోతుంది, వెదురు గరిటె పెట్టే తీరు మారిపోతుంది, ఆరు నెలలు కష్టపడి చేతికి పట్టించుకున్నదంతా మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి నవంబరులో నాకు ఏడుపొచ్చింది. ఎందుకు మార్చాలండీ అని అడిగితే "నవంబరు కదా" అన్నారు సెన్సే. అంతే. రెండో ఏడాది నవంబరు చివర్లో ఒక శనివారం, బయట సన్నగా వాన, నా వంతు అయిపోయి అతిథిగా కూర్చున్నాను. కాగితపు తలుపుల సందుల్లోంచి చలి కొడుతోంది, రోలోంచి వేడి వచ్చి నా మోకాళ్ళకు తగిలింది. మంట మీదున్న నీళ్ళు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. వేసవిలో ఇదే నిప్పు నాకు దూరంగా, ఆ మూలన ఎందుకు ఉండేదో అప్పుడు తట్టింది. సెన్సే నావైపు చూశారు, ఏమీ అనలేదు. ఆవిడ మొదటి ఏడాదే చెప్పేసి ఉంటే అది నా ఫోన్ ఫైల్లో ఒక పాయింటయి ఉండేది, ఇవాళ్టికి మర్చిపోయేదాన్ని.

కాబట్టి చెప్పకుండా నేర్పే మీ పద్ధతితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా, ఆ చెప్పకపోవడాన్ని డబ్బు దగ్గరికి కూడా తీసుకొచ్చారని.

నెలనెలా కట్టే ఫీజు, మీ మాటలో గెష్షా, నాకు ఇబ్బందేం కాదు. నెలకు మూడు శనివారాలు, 8,000 యెన్, కొత్త నోట్లు, కవరు మీద పేరు, ముందు వంగి నమస్కారం పెట్టి ఆ తర్వాత ఇవ్వాలి. మా ఊళ్ళో సంగీతం మాస్టారికి తమలపాకులు, వక్క, పండు పెట్టి ఇచ్చినట్టే. నలిగిన నోటు గురువు చేతిలో పెట్టకూడదన్నది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ 8,000 ఒక్కటే లెక్క అనుకున్నాను చూడండి, అక్కడ పొరపాటు పడ్డాను. చలికాలంలో బొగ్గుల ఖర్చు వేరే అట. వేసవిలో ఓచూగెన్, డిసెంబరులో ఓసేబో, అంటే ఏడాదికి రెండుసార్లు సెన్సేకి కానుక. జనవరిలో హాత్సుగామా, కొత్త ఏడాది తొలి టీ, దానికో కవరు. వీటిలో ఒక్కటి కూడా నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ప్రతిసారీ మిగతావాళ్ళ చేతుల్లో కవర్లు చూసి, నా చేతిలో లేదని గమనించి, బాత్రూమ్‌కి వెళ్ళినట్టు వెళ్ళి పర్సు వెతుక్కున్నాను. కొత్త నోట్లు దొరక్క ఒకసారి ఉన్న నోట్లనే పుస్తకంలో పెట్టి నొక్కాను.

ఇదంతా చిన్న సంగతి. మూడో ఏడాది ఒకరోజు సెన్సే, టీ తాగడం అయ్యాక, మామూలుగా, "నీకు క్యోజో తెప్పిద్దామా" అన్నారు. మావాళ్ళ కోసం: క్యోజో అంటే పరీక్ష పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్ లాంటిది కాదు. ఫలానా పద్ధతి ఇక నువ్వు నేర్చుకోవచ్చు అని ఇయెమోతో ఇంటి నుంచి వచ్చే అనుమతి పత్రం. చదవబోయే క్లాసుకి ముందే హాల్ టికెట్ లాంటిది అనుకోండి. నాకు తెలిసిన పద్ధతిలో గురువు ద్వారానే దరఖాస్తు వెళ్తుంది, పైకి ఒక రుసుము, దానితోపాటు మధ్యలో ఉన్న గురువుకి కృతజ్ఞతగా ఇంకొంత. కింది మెట్లకి కొన్ని వేల యెన్‌లే, పైకి పోయేకొద్దీ, శిష్యులకి కొత్తగా ఒక టీ పేరు ఇచ్చే మెట్టు దగ్గరికొచ్చేసరికి లక్షల్లోకి వెళ్తుంది. మహాభాగ్యం అన్నట్టు వంగి దణ్ణం పెట్టాను. ఎంత అని అడగలేదు. అడగకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ గదిలో గాలి చెప్పింది.

తర్వాతి శనివారం వెనకగదిలో, మిజుయాలో, గిన్నెలు కడుగుతూ నేను ఒళ్ళో పడ్డ ఆ పెద్దావిడనే అడిగాను. పైకి పంపేది ఎంతో చెవిలో చెప్పింది. మరి సెన్సేకి? "అది నీ మనసుని బట్టి" అంది.

మాకూ ఉంది ఇది. మా పంతులుగారు సత్యనారాయణ వ్రతం చేయించి "మీకు తోచినంత ఇవ్వండమ్మా" అంటారు. ఆ తోచినంత వెనక ఒక అంకె ఉంటుందని ఊరందరికీ తెలుసు, తెలియకపోతే పక్కింటావిడని అడుగుతాం, "మేం వెయ్యినూటపదహార్లు ఇచ్చాం" అని ఆవిడ కూర తాలింపు వేస్తూనే చెప్పేస్తుంది. మీ దగ్గర ఆ పక్కింటావిడ లేదు. నా మనసుని అడిగాను, అదొక అంకె చెప్పింది, కవరులో పెట్టి ఇచ్చాను. సెన్సే ఎప్పట్లాగే తీసుకున్నారు, ఎప్పట్లాగే నేర్పారు. అందరూ ఇచ్చేదాంట్లో నేనిచ్చింది సగం కూడా కాదని ఏడాది తర్వాత, అదీ వేరే మాటల మధ్యలో తెలిసింది. ఆ ఏడాదంతా ఆవిడ ఎదురుగా కూర్చుని ఫుకుసా మడిచాను కదా అని ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇది చదివి, ఆవిడ డబ్బు మనిషి అనుకుంటారేమో, ఆ పాపం నాకు వద్దు. ఆవిడ గుర్తు కూడా పెట్టుకుని ఉండరు. గుర్తు నాకే.

దీన్ని పరాయి దేశం పిల్లకి పద్ధతులు తెలియక వచ్చిన తిప్పలు అని కొట్టిపారేయకండి. మా ఆఫీసులో పనిచేసే ఒక జపనీస్ అమ్మాయి, ఇరవై ఏడేళ్ళుంటాయి, నన్ను చూసి తనూ వచ్చి చేరింది. చేతి పని నాకంటే ఎంతో బాగుండేది, గరిటెతో నీళ్ళు వంచుతుంటే చూడాలి. రెండో ఏడాదిలో క్యోజో మాట రాగానే మానేసింది. సెన్సేకి "పని ఎక్కువగా ఉంది" అని చెప్పింది, సెన్సే "అలాగా, ఆరోగ్యం జాగ్రత్త" అన్నారు. అసలు సంగతి లిఫ్టులో నాకు చెప్పింది: ఇప్పుడడిగేది పెద్ద మొత్తమేం కాదు, కానీ దీని తర్వాత ఇంకెన్ని కవర్లున్నాయో తెలియదు, అడిగితే చులకన అయిపోతాను, టెన్షన్‌గా ఉంది అని. శనివారాలు ఇప్పుడు పిలాటీస్‌కి వెళ్తోంది. ఆ సెంటర్లో రేట్లు గోడ మీద అంటించి ఉంటాయి.

రుసుము ఎక్కువని నేను అనట్లేదు. లెక్కేస్తే మా సెన్సేకి నష్టమే వస్తుంది. ప్రతి శనివారం రుతువుకి తగ్గ మిఠాయి, మంచి బొగ్గు, ఏటా కాకపోయినా మార్చాల్సిన తతామీలు. టీ చిలికే చాసెన్ చూడండి, నారా దగ్గర తాకయామాలో ఒకే వెదురు ముక్కని వెంట్రుకల్లాంటి పుల్లలుగా చీల్చి చేస్తారు, దేశంలో తయారయ్యే చాసెన్‌లు దాదాపు అన్నీ ఆ ఒక్క ఊరివే, అవి అరిగిపోయే సరుకు. ఇక మాచా. ప్రపంచమంతా మాచా లాటేల మీద పడ్డాక 2024 చివర్లో పేరున్న దుకాణాలు మనిషికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి, 2025లో ధరలు ఇంకా పెరిగాయి. సెన్సే మా ఫీజు పెంచలేదు. పెంచాలని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియదు, పెంచండి అని మాకు ఎలా అడగాలో తెలియదు. ఇటు నుంచి ఇబ్బంది ఇలా కూడా ఉందని మీకు తెలుసు కదా?

అడగడం తప్పని మీ పెద్దాయన కూడా అనలేదు. ఈ టీ కళకి రూపమిచ్చిన 16వ శతాబ్దపు గురువు సెన్ నో రిక్యూ పేరు మీద వంద పద్యాలు ఉన్నాయి, మీ శిష్యులందరికీ కంఠతా వచ్చినవే. సిగ్గు విడిచి అడిగి నేర్చుకో, నిపుణుడు కావడానికి పునాది అదే అని అందులో ఒకటి. ఆయన సకాయ్ రేవు వర్తకుల ఇంటి బిడ్డ. లెక్కలు తెలిసిన ఇంట్లో పుట్టినవాడు ధర అడిగితే మొహం చిట్లించి ఉంటాడని నేను నమ్మను.

మార్చడం మీకు కొత్తా అంటే అదీ కాదు. 18వ శతాబ్దంలో నేర్చుకునేవాళ్ళు ఎక్కువైపోతే ఒమొతెసెంకే, ఉరసెంకే అనే రెండు ఇయెమోతో ఇళ్ళ అప్పటి పెద్దలే కూర్చుని, చాలామంది కలిసి చేసే ఏడు రకాల అభ్యాసాలు కల్పించారు. 1872లో క్యోటోలో ప్రదర్శన పెట్టినప్పుడు విదేశీయులు నేలమీద కూర్చోలేరని ఉరసెంకే 11వ ఇయెమోతో గెన్గెన్‌సాయ్ బల్లలూ కుర్చీలతో ఒక పద్ధతే కొత్తగా కట్టారు. అంతవరకూ ఎక్కువగా మగవాళ్ళ వ్యవహారంగా ఉన్నది మెయ్‌జీ కాలంలో (1868–1912) ఆడపిల్లల బడుల్లోకి వచ్చింది, ఇప్పుడు మా సెన్సే ఇంట్లో మగపురుగు లేదు. ఇక 2025 ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో పోయిన ఉరసెంకే 15వ ఇయెమోతో సెన్ గెన్షిత్సు గారు, కుర్రతనంలో యుద్ధంలో ఆత్మాహుతి దళంలో చేరి బతికి బయటపడ్డ మనిషి, ఒక్క గిన్నె టీతో శాంతి అంటూ దేశదేశాలూ తిరిగి అందరినీ పిలిచారు. పిలిస్తేనే కదండీ వచ్చాం. పిలిచిన ఇంట్లో భోజనానికి డబ్బు కట్టాల్సి ఉంటే సంతోషంగా కడతాం, ఎంతో వాకిట్లోనే చెప్పండి.

నేను అడిగేది ఒక కాగితం. ఎ4 సైజు చాలు, ఒకవైపే. నెలకి ఎంత, బొగ్గుకి ఎంత, ఏడాదిలో ఏయే నెలల్లో కవరు ఇవ్వాలి, మొదటి ఏడాది కొనాల్సిన వస్తువులేమిటి, క్యోజో మెట్లు ఎన్ని, ఒక్కోదానికి పైకి ఎంత, సెన్సేకి ఎంత, ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా ఏమీ అనుకోరా. చివరిదే ముఖ్యం, అక్కడ "ఏమీ అనుకోం" అని రాయండి. ఇంగ్లీషులో అక్కర్లేదు, జపనీస్‌లోనే ఇవ్వండి, తంటాలు పడి చదువుకుంటాం. రెండో క్లాసుకి ముందు చేతిలో పెట్టేస్తే చాలు. కొందరు గురువులు ఇప్పటికే ఇస్తున్నారు, వాళ్ళకు నా నమస్కారం. ఆ కాగితం మీద అంకెలు అచ్చేసే పని గురువుల మీద వదలకుండా ఇయెమోతో ఇళ్ళే చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే మా సెన్సేలాంటి వాళ్ళు తమ కృతజ్ఞత డబ్బు ఎంతో తమ చేత్తో రాసుకోరు, చచ్చినా రాసుకోరు.

ఇంకో సంగతి, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. ఈ సెన్సే దగ్గరికి రాకముందు ఇంకొకరి దగ్గర మూడు నెలలు వెళ్ళాను. మంచావిడే. నన్ను చూడగానే "విదేశీయులకు కాళ్ళు నొప్పి కదా" అని కుర్చీ వేశారు. మిఠాయి పెట్టారు, టీ ఇచ్చారు, ఫోటో తీశారు. వారం తర్వాత మళ్ళీ అదే. మూడు నెలలూ నేను అతిథినే. ఒక్కరోజు కూడా గరిటె చేతికివ్వలేదు, ఒక్కసారి కూడా "మళ్ళీ" అనలేదు. క్యోటోకి వచ్చే చుట్టాలకి కిమోనో కట్టి నలభై అయిదు నిమిషాల్లో టీ చిలికించి పంపడం వేరే వ్యాపారం, మా పిన్ని కూతురికి నేనే టికెట్ బుక్ చేశాను, దాని మీద నాకేం చిన్నచూపు లేదు. కానీ నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని జాలిపడి అతిథిగా కూర్చోబెట్టేయకండి. గెన్గెన్‌సాయ్ కుర్చీ వేసింది టీ చేసేవాళ్ళకి కూడా.

మా సెన్సేకి ఎనభై నాలుగు. శిష్యులం నలుగురం మిగిలాం, అందరికంటే చిన్నదాన్ని నేనే. ఆవిడ తర్వాత ఆ గది, ఆ కామా, ఆ గిన్నెలు ఏమవుతాయో ఎవరూ మాట్లాడరు, అది కూడా కవరులాంటిదే. నేను ఇంకో మూడు నాలుగేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోతాను. పూల అమరిక నేర్పే ఒహారా ఇకెబానా వాళ్ళ శాఖ హైదరాబాద్‌లో ఎప్పటినుంచో ఉంది, మనవాళ్ళే నేర్చుకుని మనవాళ్ళకే నేర్పుతున్నారు. టీ ఎందుకు కాకూడదు అని ఒక్కోసారి అనిపిస్తుంది. తతామీ దొరక్కపోతే చాప ఉంది, రో గుంట కోయడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదు గానీ ఫురో పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌కి ఏడాది పొడుగునా ఫురోనే సరిపోతుంది. నాకు అర్హత ఉందా లేదా అన్నది మీరు చెప్పాలి. దానికి ఎన్నేళ్ళు, ఎన్ని మెట్లు, ఎంత ఖర్చు అన్నది కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ళలో ఆ మాట అడగడానికి నాకు సందు దొరకలేదు, అందుకే ఇలా అందరి ముందూ అడుగుతున్నాను.

దీన్ని జపనీస్‌లోకి మార్చి ముందు మా సెన్సేకే చూపిస్తాను. ఆవిడకి తెలియకుండా ఇది ఎక్కడా కనపడటం నాకు ఇష్టం లేదు. మర్యాద పదాల దగ్గర తప్పులు దిద్దుతారు, డబ్బు గురించి రాసిన పేరాల దగ్గర ఏం చేస్తారో చూడాలి. నవంబరు మొదటి శనివారం రో తెరుస్తున్నాం, మాచా జల్లెడ పట్టే పని నాది, ఏడున్నర రైలుకి వెళ్ళాలి. ఆ రోజుకీ ఒక కవరు ఉంటుందని ఈసారి ముందే తెలుసు.

ఇట్లు,
నిషి కసాయి నుంచి మీ శిష్యురాలు

తా.క.: అమ్మా, అల్లం వెయ్యరు. పాలు కూడా పొయ్యరు.